విరాళాల నడుమ పుట్టే ప్రేమ: నెల్లూరు నేపథ్యంగా నవల ఎలా రాయాలి

ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒక తల్లి చేతులు జోడించి కనిపిస్తుంది. కింద ఆస్పత్రి కాగితం, క్యూఆర్ కోడ్, "మీ రూపాయి ఒక ప్రాణం నిలబెడుతుంది" అన్న మాట. ఆ పోస్టు పెట్టిన కుర్రవాడికీ, అది చూసి "ఈ డబ్బుకు లెక్క ఎవరు చెబుతారు?" అని అడిగిన అమ్మాయికీ మధ్య ప్రేమ పుడితే ఈ కాలానికి తగిన నవల అవుతుంది. చదివేవాళ్లు ఉన్నారు, రాయాలనుకునేవాళ్లూ ఉన్నారు. చిక్కల్లా ఒక్కటే. ఇలాంటి కథల్లో జబ్బుపడిన పిల్ల నాయికానాయకులు కలుసుకోవడానికి సాకుగా వచ్చి, వాళ్ల చేతులు కలవగానే కథలోంచి మాయమవుతుంది. అలా జరగకుండా రాయడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. సాయం అందుకునే మనిషికి కథలో "వద్దు" అనే హక్కు ఇవ్వండి. ఈ ఒక్క నియమం పట్టుకుంటే ప్రేమా, గొడవా, ముగింపూ దాని వెంట నడుచుకుంటూ వస్తాయి.

మొదటి పని: అవసరం తేల్చుకోండి

నాయిక పేరు, నాయకుడి బండి రంగు తర్వాత చూసుకోవచ్చు. మొదట కాగితం మీద మూడు సంగతులు రాయండి. ఎవరికి, దేనికి, ఎంత. ఒక్క ఇంజెక్షనుకు ₹16 కోట్లు అవసరమయ్యే అరుదైన జబ్బు వార్తల్లో కనిపించింది కాబట్టి దాన్నే తీసుకోవాలనిపిస్తుంది. దాని జోలికి పోవద్దనే నా సలహా. అంత పెద్ద అంకె ముందు మనుషులు చిన్నబోతారు. ఒక పట్టణం గట్టిగా పూనుకుంటే అందగలిగిన మొత్తం ఉండాలి. అందుతుందో లేదో అన్న ఉత్కంఠ అప్పుడే నిలుస్తుంది.

నేనైతే తలసేమియాను ఎంచుకుంటాను. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు అది. అది నవలకు కాలాన్ని తెచ్చిపెడుతుంది. తలసేమియా మేజర్ అనే తీవ్రమైన రకం ఉన్న పిల్లలకు రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మందు వాడుతూనే ఉండాలి. శాశ్వతంగా నయం కావాలంటే ఎముక మజ్జ మార్పిడి చేయించాలి. తోబుట్టువు మజ్జ సరిగ్గా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. రక్తం ఇచ్చేవాళ్లకూ గడువు ఉంటుంది. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. అంటే నాయకుడు ఒకసారి రక్తం ఇచ్చాక, మళ్లీ మూడు వారాలకు ఆ పిల్లకు రక్తం కావాల్సినప్పుడు అతని చేయి పనికిరాదు. ఇంకొకరిని వెతకాలి. మీరు ప్రత్యేకంగా కల్పించకుండానే నాయికానాయకులు రక్తనిధి వరండాలో పదేపదే ఎదురుపడతారు.

ఇందులో ప్రేమకథకు సూటిగా తగిలే సంగతి ఒకటుంది. తల్లిదండ్రులిద్దరూ ఈ జబ్బు జన్యువును మోసే వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్కరే వాహకులైతే బిడ్డకు జబ్బు రాదు. వాహకులు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. మేనరికాలు జరిగే కుటుంబాల్లో ఇలాంటి జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ. కథలో ఆ పిల్ల తల్లిదండ్రులది మేనరికం కావచ్చు. అప్పుడు తప్పంతా తల్లి మీదికి నెట్టే అత్తగారిని, "మా అన్న కూతుర్నే కదా తెచ్చుకున్నాం" అని బాధపడే అదే అత్తగారిని, ఇద్దరినీ ఒకే మనిషిలో చూపించండి. నాయికకో నాయకుడికో రక్తపరీక్షలో వాహక లక్షణం బయటపడితే మాత్రం దాన్ని గుండెలు బాదుకునే ఘట్టంగా మార్చకండి. పెళ్లికి ముందు రెండోవాళ్లూ ఒక పరీక్ష చేయించుకుంటే తేలిపోయే విషయం అది. నవల చదివి ఎవరైనా భయపడి సంబంధం వదులుకుంటే ఆ పాపం రాసినవాళ్లదే.

ఇక్కడే చదువరి అడిగే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోండి. మన చదువరి తెలివైనవాడు. "2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, మళ్లీ చందాలెందుకు?" అంటాడు. "ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లి ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టలేదా?" అంటాడు. కోల్ ఇండియా సామాజిక బాధ్యత నిధులతో తలసేమియా బాల్ సేవా యోజన అనే పథకం 2017 నుంచి ఉంది. అర్హులైనవారికి మజ్జ మార్పిడికి ₹10 లక్షల వరకు ఇస్తుంది. మీ పాత్రలు ఈ తలుపులన్నీ తట్టాలి. ఒకచోట అర్హత కుదరదు, ఒకచోట వచ్చేది బిల్లులు కట్టాకే, ఒకచోట కొంతే వస్తుంది. ఆ తిరుగుడు ఒక అధ్యాయం రాయండి. ప్లాస్టిక్ సంచిలో కాగితాలు, రేషను కార్డు జిరాక్సులు, వెనక్కి తిప్పి పంపే గుమాస్తా, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే ఇంకో గుమాస్తా. చందాలు అడగడం ఆ కుటుంబానికి ఎంత చివరి మాటో చదువరికి అప్పుడు తెలుస్తుంది.

రెండో పని: సాయం అందుకునేవాళ్లకు గొంతు ఇవ్వండి

ఆ పిల్లకు ఐదేళ్లు పెట్టకండి. పద్నాలుగు పెట్టండి. ఐదేళ్ల పిల్ల ముద్దుగా ఉంటుంది, కానీ ఏమీ నిర్ణయించలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు స్నేహితురాళ్లుంటారు, సిగ్గు ఉంటుంది, తల్లి ఫోను తీసి వ్యాఖ్యలు చదివే అలవాటు ఉంటుంది. తన గురించి ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన మాటలు రాత్రిపూట దుప్పటి కింద చదువుతుంది. "పాపం", "దేవుడు చల్లగా చూడాలి", "ఇది కూడా మోసమేమో". మూడో మాట దగ్గర ఆమె వేలు ఆగుతుంది. ఆ ఘట్టం రాయగలిగితే మీ నవల నిలబడినట్టే.

తల్లి రొయ్యల షెడ్డులో పనిచేస్తుందనుకుందాం. నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల చెరువులు, వాటి చుట్టూ ఐసు, తొక్క ఒలిచే షెడ్లు ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. చలిలో గంటల తరబడి నిలబడి ఒలిచి ఒలిచి మొద్దుబారిన వేళ్లతో ఆమె వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే అది పట్టదు. ఆధార్ సరిపోలలేదని వెనక్కి పంపుతారు. కథ అంతటికీ ఇలాంటి చిన్న వివరం ఒక్కటి చాలు, ఆ తల్లి మన పక్కింటి మనిషి అవుతుంది.

ఆమె చేత రెండు షరతులు పెట్టించండి. పిల్ల ముఖం చూపించకూడదు, బడి పేరు చెప్పకూడదు. నాయకుడికి ఇవి నచ్చవు. ముఖం లేకపోతే ఎవరు ఇస్తారు అంటాడు. అతను చెప్పేది అబద్ధం కాదు కాబట్టే అక్కడ కథ మొదలవుతుంది.

మూడో పని: ఇద్దరినీ వేర్వేరు నమ్మకాలతో నిలబెట్టండి

నాయకుడు నెల్లూరు తిండి మీద, వీధుల మీద చిన్న వీడియోలు చేసేవాడు. చేపల పులుసు ఏ మెస్సులో బాగుంటుందో, మలై కాజా ఎక్కడ దొరుకుతుందో చెప్పి నలుగురికీ తెలిసినవాడయ్యాడు. కథ చెబితే జనం కదులుతారని అతని నమ్మకం. నాయిక స్టోన్‌హౌస్‌పేటలో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తుంది. బియ్యం వ్యాపారుల ఖాతాలు చూస్తుంది. రసీదు లేని రూపాయిని ఆమె రూపాయిగా చూడదు. జనం ఒకసారి మోసపోతే తర్వాత వచ్చే పది నిజమైన కుటుంబాలకు ఎవరూ ఇవ్వరని ఆమె నమ్మకం. ఇద్దరిదీ మంచి మనసే, ఇద్దరి మాటా సబబే. అతన్ని గాలివాటు మనిషిగా, ఆమెను ముక్కుసూటి రాతిబొమ్మగా గీస్తే నవల యాభై పేజీల్లో చప్పబడిపోతుంది.

వాళ్ల మొదటి సంభాషణ ఇలా ఉండవచ్చు.

"ఆస్పత్రి ఇచ్చిన అంచనా కాగితం ఎక్కడండీ?"

"పోస్టులో పెట్టాను కదండీ."

"పెట్టింది ఫొటో. పై వరుస తెగిపోయింది. తేదీ కనిపించడం లేదు."

"తేదీ చూసి ఎవరైనా డబ్బిస్తారా?"

"తేదీ చూసే నేను ఇస్తాను."

ఇద్దరూ ఇక్కడ "అండీ" అనుకుంటారు. ఎప్పుడు మానేస్తారో ముందే మీ ప్రణాళికలో గుర్తు పెట్టుకోండి. నా లెక్కన సగం నవల దాటాక, అదీ కోపంలో మానేయాలి.

నాలుగో పని: ఊరిచేత పని చేయించండి

ఊరంటే అధ్యాయం మొదట్లో రెండు వాక్యాల వర్ణన రాసి మరిచిపోయేది కాదు. కథలోని ప్రతి పనికీ ఒక చోటు ఉండాలి. పొగతోటలో ఆస్పత్రులు, ల్యాబులు, మందుల షాపులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పల్లెల నుంచి వచ్చిన రోగులు, వాళ్ల వెంట టిఫిను క్యారియర్లు పట్టుకున్న బంధువులు అక్కడే కనిపిస్తారు. హుండీ డబ్బాలతో యువకులు నిలబడాలంటే గాంధీబొమ్మ సెంటరు, వీఆర్సీ సెంటరు. ఇద్దరూ కాస్త మాట్లాడుకోవాలంటే మైపాడు తీరం. పెద్ద వైద్యానికి చెన్నై. ఉదయం విజయవాడ నుంచి బయలుదేరే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లి, అక్కడి నుంచి మధ్యాహ్నం వెనక్కి బయలుదేరుతుంది. మన పెన్నకే పినాకిని అని పేరు. పిల్లనూ తల్లినీ చెన్నైలో చేర్పించి ఇద్దరే తిరిగి వచ్చే ఆ ప్రయాణంలో ఏమీ జరగనక్కరలేదు. సీటు మధ్యలో బిల్లుల కవరు పెట్టుకుని ఆమె నిద్రపోతే, అది జారకుండా అతను పట్టుకుని కూర్చుంటే చాలు.

నెల్లూరులో రాస్తూ రొట్టెల పండుగను వదులుకుంటే మాత్రం చేతికి అందినదాన్ని జారవిడుచుకున్నట్టే. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర జరుగుతుంది. హిందువులు, ముస్లింలు అందరూ వస్తారు. చెరువు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని కోరికకో పేరు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకుంటారు. అది నెరవేరితే మరుసటి ఏడు వచ్చి అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఈ ఏడు చేయి చాపినవాళ్లే వచ్చే ఏడు ఇచ్చేవాళ్లు అవుతారు. మీ నవలకు ఇంతకన్నా మంచి చట్రం దొరకదు. ఒక పండుగ నుంచి మరో పండుగ దాకా ఒక సంవత్సరం కథ రాయండి. మొదటి పండుగలో పిల్ల తల్లి ఆరోగ్య రొట్టె కోసం, నాయిక తల్లి కూతురికి పెళ్లి రొట్టె కోసం ఒకే నీళ్లలో నిలబడి ఉంటారు, ఒకరికొకరు తెలియకుండా. ఒక జాగ్రత్త చెప్పాలి. మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి పండుగ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో, 2025లో జులైలో వచ్చింది. మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో నిర్ణయించుకుని క్యాలెండరు చూసుకోండి.

ప్రకాశం ప్రాంతంవారైతే జబ్బును వదిలి నీళ్లను తీసుకోవచ్చు. కనిగిరి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడు బాధ పాతది. ఒక ఊరికి శుద్ధి యంత్రం కోసం చందాలు పోగుచేసే కథలో సాయం అందుకునేది ఊరు మొత్తం కాబట్టి, "వద్దు" అనేవాళ్లు కూడా ఊళ్లోంచే వస్తారు. చీమకుర్తి గ్రానైటు యజమాని ఇస్తానన్న డబ్బు తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న చుట్టూనే సగం నవల తిరుగుతుంది.

ఐదో పని: పోస్టును నవలలో నిజంగా రాయండి

"అతను మనసును కదిలించే పోస్టు పెట్టాడు, క్షణాల్లో అందరికీ చేరింది" అని రాసి తప్పించుకోకండి. చదువరి ఆ పోస్టు చూడాలి. మొదట నాయకుడు రాసింది ఇది.

"అయ్యా, అమ్మా! ఈ పసిప్రాణం మీ చేతుల్లో ఉంది. ఈ నిరుపేద తల్లి కన్నీళ్లు చూడండి. మీ ఒక్క రూపాయి చాలు. షేర్ చేయకుండా వెళ్లిపోతే మీకు మనసు లేనట్టే."

పిల్ల దీన్ని చదివి "మేం నిరుపేదలమని ఎవరు చెప్పారు? మా నాన్నకు ఆటో ఉంది" అంటుంది. నాయిక, తల్లి, పిల్ల ముగ్గురూ కూర్చుని తిరగరాస్తారు.

"మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో ముందుంటుంది. తలసేమియా వల్ల మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. తమ్ముడి మజ్జ సరిపోయిందని డాక్టర్లు చెప్పారు. చెన్నై ఆస్పత్రి అంచనా ₹14,60,000. మేము సమకూర్చుకున్నది ₹3,10,000. డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకు పంపండి. ఎంత వచ్చిందో, ఎంత కట్టామో ప్రతి శనివారం ఇక్కడే రాస్తాం. పాప ఫొటో పెట్టడం లేదు. అది మా నిర్ణయం."

ఇప్పుడు ధైర్యంగా ఒక నిజం రాయాలి. రెండో పోస్టుకు డబ్బు నెమ్మదిగా వస్తుంది. మర్యాదగా అడిగితే జనం పరుగెత్తుకొస్తారని చూపించడం చదువరిని మభ్యపెట్టడమే. వారం గడుస్తుంది, పదో వంతు కూడా రాదు. తల్లి షరతుకు వెల ఉందని అందరికీ తెలుస్తుంది. ఆ రాత్రి ఫొటో పెట్టేద్దామా అని తల్లే తడబడుతుంది. నాయకుడు ఆ పోస్టు పెట్టగలిగీ పెట్టకుండా ఆగితే, నాయిక మనసులో అతని మీద మొదటి మెత్తదనం అక్కడ పుడుతుంది. దీనికోసం వాన, సంగీతం అక్కర్లేదు.

బాధపడ్డవాళ్లే తమ కథ చెప్పుకుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లాకు బాగా తెలుసు. 1990ల మొదట్లో దూబగుంట మహిళలు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతి అక్షరాస్యత కార్యక్రమంలో పాఠంగా అచ్చయి ఇతర ఊళ్ల ఆడవాళ్లు చదివారు. ఉద్యమం పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మీ నవలలో కూడా విరాళాల మలుపు పిల్ల తానే మాట్లాడినప్పుడు రావాలి. ముఖం చూపించక్కర్లేదు. ఆమె లెక్కల నోటుబుక్కు, దాని మీద కదిలే పెన్ను, వెనుక ఆమె గొంతు. "ఈ వారం వచ్చింది ఇంత. పోయిన వారం కూడికలో నలభై రూపాయలు తప్పు రాశాను, దిద్దాను." అది విన్నవాళ్లు ఇవ్వడం మొదలుపెడతారు. ఇంకో మాట, ఆ రోజు నుంచి లెక్క నాయిక చేతిలోంచి పిల్ల చేతికి మారుతుంది.

ఆరో పని: డబ్బు నడిచే దారి తెలుసుకోండి

ఇలాంటి నవలలు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. మన యంత్రాంగం ఎలా నడుస్తుందో తెలిస్తే కథకు కావాల్సిన అడ్డంకులన్నీ అందులోనే దొరుకుతాయి.

నాయకుడు తొందరలో తన సొంత ఖాతా క్యూఆర్ కోడ్ పెడతాడనుకోండి. ఒకటి, బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన మొత్తం ₹50,000 దాటితే అదంతా పుచ్చుకున్నవారి ఆదాయంగా పన్ను లెక్కలోకి వస్తుంది. నాయికకు ఈ సంగతి చూడగానే తట్టాలి, అతనికి అసలు తెలియకూడదు. రెండు, ఎక్కడో సైబరు మోసంలో పోయిన డబ్బులో కొంత తిరిగి తిరిగి ఈ ఖాతాకు విరాళంగా వస్తే, మోసపోయిన మనిషి సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పుకున్నాక ఆ జాడ పట్టుకుని బ్యాంకు నాయకుడి ఖాతాను స్తంభింపజేయవచ్చు. అతను ఏ తప్పూ చేయలేదు. అయినా ఆపరేషనుకు కట్టాల్సిన డబ్బు తెర మీద కనిపిస్తుంది, చేతికి రాదు. ఇంతకన్నా ప్రతినాయకుడు అవసరం లేదు.

ఆస్పత్రి ఖాతాకు నేరుగా పంపించడం, మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్ విరాళాల వేదికల ద్వారా సేకరించడం, నమోదైన ట్రస్టు ద్వారా తీసుకోవడం, ఈ మూడు దారుల్లో తేడాలు పాత్రల మాటల్లో రావాలి. ఇచ్చిన విరాళానికి పన్ను రాయితీ కావాలనే దాత ఒకడుంటాడు. అది అనుమతి ఉన్న సంస్థకు ఇచ్చినప్పుడే వర్తిస్తుంది, ఒక కుటుంబానికి సూటిగా ఇస్తే రాదు. సంస్థకే ఇచ్చినా ₹2,000 దాటిన నగదుకు వర్తించదు. ఈ దాతను చెడ్డవాడిగా చూపకండి. రసీదు అడిగి పెద్ద మొత్తం ఇచ్చేవాడు, ఏమీ అడగకుండా పది రూపాయలు ఇచ్చే కూరగాయల అమ్మ, ఇద్దరూ ఉంటేనే ఊరు.

అమెరికా నుంచి వచ్చే డబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు కుటుంబాల్లో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒకరు ఉండడం మామూలు. నాయకుడి బావ అక్కడి నుంచి ట్రస్టుకు పెద్ద మొత్తం పంపుతానంటాడు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థే విదేశీ విరాళం తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే మొదట పడాలి. అయితే బావ ఇంకా భారత పౌరుడై ఉండి సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అవుతుంది. నాయిక ఫోనులో అడిగే ప్రశ్న, "అన్నయ్యా, మీది ఏ పాస్‌పోర్టు?" అవతల కాసేపు మాట లేదు. పౌరసత్వం తీసుకున్న సంగతి ఇంట్లో తల్లికి అతను ఇంకా చెప్పలేదు. ఒక నియమం ఒక కుటుంబ రహస్యాన్ని బయటపెట్టింది. చట్టాన్ని ఇలా కథలోకి తీసుకురావాలి.

ఏడో పని: ప్రేమ తెగే చోటును నిజాయితీగా ఎంచుకోండి

ఒక ఫోను చేసి మాట్లాడితే తీరిపోయే అపార్థం మీద నవల మధ్యభాగం నిలబెట్టకండి. "అతను డబ్బు తిన్నాడేమో" అని నాయిక అనుమానించడం కూడా చౌక దారి. లెక్కలన్నీ ఆమె కళ్లముందే ఉన్నాయి కదా.

నేను సూచించేది వేరు. అనుకున్న మొత్తం కన్నా ఎక్కువ వస్తుంది. మిగిలిన డబ్బు ఏం చేయాలి? నాయకుడు అప్పటికే అదే రక్తనిధి దగ్గర ఇంకో పిల్లవాడిని చూసి ఉన్నాడు. ఆ ఉద్వేగంలో తల్లిని అడగకుండా "మిగిలింది ఆ బాబుకు" అని పోస్టు పెడతాడు. వేలమంది మెచ్చుకుంటారు. నాయిక భగ్గుమంటుంది. ఇచ్చినవాళ్లు ఈ పిల్ల కోసం ఇచ్చారు. మార్పిడి తర్వాత నెలల తరబడి మందులు, పరీక్షలు, చెన్నైలో అద్దె గది ఉన్నాయి. పైగా అడగలేదు. అతనంటాడు, "ఆ బాబు చచ్చిపోతే నీ రసీదులు ఏం చేసుకుంటావు?" ఇదీ "అండీ" పోయే చోటు. చదువరి ఇద్దరివైపూ నిలబడలేక పుస్తకం మూసి ఆలోచించాలి.

దీన్ని తీర్చేది నాయికా కాదు, నాయకుడూ కాదు. నోటుబుక్కు పట్టుకున్న పిల్ల. మందులకు ఎంత, గదికి ఎంత, పోగా ఎంత మిగులుతుందో లెక్క వేస్తుంది. ఆ మిగిలింది ఇంకొకరికి ఇవ్వడానికి ఒప్పుకుంటుందో లేదో, దాతలను అడగమంటుందో, తల్లితో గొడవ పడుతుందో మీరు నిర్ణయించండి. ఆమె "వద్దు" అన్నా సరే, ఆమెను స్వార్థపరురాలిగా చూపించే హక్కు మీకు లేదు.

ఎనిమిదో పని: ప్రేమకు చోటు ఇవ్వండి, తొందర పెట్టకండి

ఇది ప్రేమ నవల కాబట్టి ఆ రుచి తగ్గకూడదు. సూది అంటే భయపడే నాయకుడు రక్తం ఇచ్చేటప్పుడు ఆమె అతన్ని మాటల్లో పెట్టడానికి పన్నెండో ఎక్కం అడగాలి. ఆమె వాళ్ల నాన్న వద్దన్న పని చేస్తూ రాత్రి పదింటికి బిల్లులు సరిచూస్తుంటే అతను ఇంటి ముందుకు రాకుండా వీధి చివర టీ బంకు దగ్గర నిలబడి "ఇంకెన్ని మిగిలాయి?" అని సందేశం పంపాలి. కులం సంగతి దాటేయకండి. విరాళాల పోస్టు కింద ఎవరూ అడగని ప్రశ్నను ఇంట్లో పెళ్లిమాట రాగానే అందరూ అడుగుతారు. ఆ తేడాను ఒక్క సన్నివేశంలో సూటిగా పెడితే చాలు.

ఫోను సందేశాలను నవలలో రాసేటప్పుడు పొట్టిగా, వేరే పంక్తుల్లో పెట్టండి. పేజీలకు పేజీలు చాటింగు నింపితే చదువరికి తన ఫోనే మేలనిపిస్తుంది.

తొమ్మిదో పని: ముగింపు

పెళ్లితో ముగించవచ్చు, తప్పులేదు. ఆ పెళ్లిలో పిల్లను వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించడం మాత్రం వద్దు. మార్పిడి జరిగిన వెంటనే ఆరోగ్యం వచ్చేసినట్టు రాయవద్దు. నెలల తరబడి జాగ్రత్తలు, జనంలోకి వెళ్లకపోవడం, మళ్లీ మళ్లీ పరీక్షలు ఉంటాయి. అందువల్ల రెండో రొట్టెల పండుగకు పిల్ల చెరువు దగ్గరికి రాలేదు. తల్లి ఒక్కతే వచ్చి ఆరోగ్య రొట్టె ఇంకొకరికి ఇస్తుంది. నాయికానాయకులకు ఆ సంగతి తెలియనవసరం లేదు. వాళ్లు ఆ వేళ ఎక్కడో రక్తదాతను వెతుకుతూ ఉండవచ్చు.

పదో పని: అచ్చుకు ముందు

ప్రతిలిపి లాంటి ఆన్‌లైన్ కథల వేదికలో ధారావాహికగా పెట్టాలనుకుంటే మొత్తం రాసి ముగించాకే మొదటి భాగం పెట్టండి. వ్యాఖ్యలు చూసి కథ మార్చుకుంటూ పోతే, మీ నాయకుడు చేసిన పనే మీరూ చేసినట్టవుతుంది. నిజంగా జరిగిన ఒక కుటుంబం కథ మీకు ప్రేరణ అయితే వాళ్ల అనుమతి తీసుకోండి. ఊరు, వృత్తి, జబ్బు, పిల్లల వయసు మార్చండి. నలుగురూ పోల్చుకోగలిగితే మార్చనట్టే లెక్క.

తర్వాత రాతప్రతి ముగ్గురికి ఇవ్వండి. ఆడిటరు ఆఫీసులో పనిచేసేవారికి, డబ్బు సంగతులు, ప్రస్తుత నియమాలు సరిచూడమని. రక్తనిధిలో పనిచేసే నర్సుకో టెక్నీషియనుకో, వైద్యం సంగతులు చూడమని. మూడోది, జబ్బున్న బిడ్డను పెంచుతున్న ఒక తల్లికి లేదా తండ్రికి. వాళ్లను బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. ఎక్కడ చదవడం ఆపేశారో, ఏ మాట దగ్గర మనసు నొచ్చుకుందో అడగండి. ఆ పేజీల మూల మడిచి ఇవ్వమనండి. మడతలు పడిన పేజీలన్నీ తిరగరాయండి.